‘ఎవరన్నారు?’ – పర్లాకిమిడిలో తొమ్మిదో తరగతి ఇంగ్లీషు క్లాసు, వాట్సాప్ కబుర్లు

పర్లాకిమిడిలోని తెలుగు ఇళ్ళకు వార్తలు ఒక రాష్ట్రం నుంచి వస్తాయి, ఉత్తర్వులు ఇంకో రాష్ట్రం నుంచి వస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు ఈ ఊరు అందులో చేరింది. ఇళ్ళలో మాట మాత్రం అలాగే ఉండిపోయింది. పొద్దున్నే శ్రీకాకుళం ఎడిషన్ పేపరు, రాత్రికి హైదరాబాద్ ఛానళ్ళు, రోజంతా పాతపట్నం, టెక్కలి, విశాఖ చుట్టాలున్న వాట్సాప్ గ్రూపులు. కానీ బడికి సెలవిచ్చేది, పరీక్ష తేదీ పెట్టేది, రేషన్ కార్డులో పేరు ఎక్కించేది భువనేశ్వర్, కటక్. ఆంధ్రాలో కరెంటు చార్జీ పెరిగితే ఇక్కడ పెద్దవాళ్ళు కంగారుపడతారు. ఇక్కడి కలెక్టరు ఆఫీసు చెప్పిన మాట రెండు రోజుల తర్వాత ఎవరో తెలుగులో చెబితే గానీ ఇంట్లో తెలియదు. తప్పుడు కబురు దూరేది ఈ సందులోంచే.

నేను ఇక్కడ ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. మీడియం ఒడియా. ఇంగ్లీషు ద్వితీయ భాష, ఎస్‌ఎల్‌ఈ అంటాం. 2024–25లో తొమ్మిదో తరగతి ఒక సెక్షన్‌తో, ఇంగ్లీషు పీరియడ్లలోనే, వార్తనూ ఫార్వర్డ్‌నూ చదవడం నేర్పే పని చేశాను. ఆ క్లాసులో సగానికి పైగా పిల్లలది ఇంట్లో తెలుగు. మిగతావాళ్ళలో ఎక్కువమందిది ఒడియా. కొండ ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే సవర పిల్లలు కొందరున్నారు. బడికి ఫోన్ తేకూడదు. స్మార్ట్ బోర్డు ఉంది కానీ నెట్ ఎప్పుడు ఉంటుందో చెప్పలేం. కాబట్టి పనంతా నల్లబల్ల మీద, జిరాక్స్ కాగితాల మీద, ఇంట్లోంచి పిల్లలు తెచ్చిన పాత పేపర్ల మీద నడిచింది.

మీడియా లిటరసీ అంటే పెద్ద విషయంలా వినిపిస్తుంది. వార్త అయినా, ప్రకటన అయినా, ఫొటో అయినా దాన్ని ఎవరు తయారుచేశారు, ఎందుకు చేశారు, ఏ ఆధారంతో చెబుతున్నారు, ఏది వదిలేశారు అని అడుగుతూ చదవగలగడమే అది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2021లో దీన్ని హైస్కూళ్ళలో తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మన దేశంలో 2018లో కేరళలోని కణ్ణూరు జిల్లాలో ‘సత్యమేవ జయతే’ పేరుతో ప్రభుత్వ బడుల్లో తప్పుడు వార్తల మీద క్లాసులు పెట్టారు. మా టైమ్‌టేబుల్లో దీనికి వేరే పీరియడ్ లేదు. ఉండాలని నేను అడగను కూడా. దీని అసలు చోటు భాషా పాఠమే అని నా నమ్మకం. ఈ అనుభవం రాయడానికి కారణం కూడా అదే.

ఎందుకంటే మేం ఎలాగూ చెప్పే వ్యాకరణంలోనే దీనికి కావలసిన పనిముట్లన్నీ ఉన్నాయి. డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అంటే ఎవరు అన్నారు, ఆ మాటను మనం ఎలా మోస్తున్నాం అన్న ప్రశ్న. పాసివ్ వాయిస్ అంటే పని చేసినవాడి పేరు కనబడకుండా వాక్యం నడపడం. మోడల్ వెర్బులు అంటే చెప్పేవాడికి ఎంత నమ్మకం ఉందో కొలిచే మాటలు. మనం వీటిని మార్కుల కోసం తిప్పి రాయిస్తాం. ‘సెడ్’ను ‘టోల్డ్’ చేయిస్తాం, కామా తీయించి ‘దట్’ పెట్టిస్తాం. ‘సెడ్’ బదులు ‘క్లెయిమ్డ్’ అని రాస్తే చదివేవాడి మనసులో ఏం మారుతుందని అడగం. ‘అడ్మిటెడ్’ అని రాస్తే తప్పు చేసినట్టే అవుతుంది కదా అని అడగం. తెలుగు పేపర్లో ‘అన్నారు’, ‘ఆరోపించారు’, ‘స్పష్టం చేశారు’, ‘వెల్లడించారు’ అన్న నాలుగూ ఒకటి కావు. ఈ తేడా మా పిల్లలకు తెలుగులో చెవికి తెలుసు. దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళడమే పాఠం.

మొదటి పాఠాలు ఇలాగే జరిగాయి. పేపరు కత్తిరింపుల్లో ‘తెలుస్తోంది’, ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’, ‘చర్చ జరుగుతోంది’ అన్నచోటల్లా పెన్సిలుతో గీత గీయమన్నాను. తర్వాత ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ‘సో అండ్ సో సెడ్ దట్’ అని మొదలుపెట్టి తిరగరాయమన్నాను. సో అండ్ సో ఉండాల్సిన చోట పేరు దొరకదు. ఖాళీ గీత పెట్టాల్సి వస్తుంది. ఒక రాజకీయ వార్తలో అయిదు ఖాళీ గీతలు వరసగా వచ్చేసరికి వెనక బెంచీ వాడొకడు, “ఇందులో ఎవరూ ఏటీ అనలేదు సార్” అన్నాడు. ఆ మాట నేను బల్ల మీద రాయించాను.

ఇక దానా తుఫాను. 2024 అక్టోబర్ చివరి వారం. ఒడిశా ప్రభుత్వం 23 నుంచి 25 వరకు 14 జిల్లాల్లో బడులకు సెలవు ప్రకటించింది. ఆ 14లో పక్కనున్న గంజాం ఉంది, మా జిల్లా గజపతి లేదు. మా ఊళ్ళో మాత్రం 22 రాత్రే తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరిగింది. తుఫాను కారణంగా ఒడిశా అంతటా మూడు రోజులు స్కూళ్ళకు సెలవు, కలెక్టర్ ఆదేశం, అందరికీ పంపండి అని. 23న క్లాసులో తెలుగు పిల్లల బెంచీలు చాలా వరకు ఖాళీ. ఒడియా పిల్లలు వచ్చారు, హాస్టల్ పిల్లలు వచ్చారు. తెలుగు ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కొద్దిమందే.

తుఫాను పోయి అందరూ వచ్చాక ఆ మెసేజ్‌ను ఉన్నది ఉన్నట్టు బల్ల మీద రాశాను. రానివాళ్ళను ఒక్క మాట అనలేదు, అననివ్వలేదు కూడా. సెలవు మెసేజ్ నమ్మడానికి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉన్నంత కారణం ఎవరికీ ఉండదు. మనకు కావలసిన కబురు వస్తే మనం ఎవరినీ ఏమీ అడగం అన్నది వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నారు. ఈ విషయం గురించి ఎన్ని సూత్రాలు చెప్పినా ఇంతగా దిగేది కాదు.

అడిగాను, ఎవరన్నారు అని. కలెక్టర్ అన్నారు. ఏ కలెక్టర్? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచి, “ఒడిశాలో 30 జిల్లాలు కదా సార్, 30 మంది కలెక్టర్లు. ఒక్క కలెక్టరు ఒడిశా అంతటికీ సెలవు ఎలగ ఇస్తాడు?” అంది. మెసేజ్‌లోని రెండు ముక్కలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి. బయటికి వెళ్ళి ఏదీ వెతక్కుండా, వాక్యం లోపలే దొరికిన తప్పు ఇది. జాగ్రత్తగా చదవడం అంటే ఇదేనని ఆ రోజు నేను క్లాసుకు చెప్పాను. తర్వాత ఒడియా పేపర్లో వచ్చిన 14 జిల్లాల పేర్లు ఒక ఒడియా అబ్బాయి పైకి చదివాడు. ‘గంజాం’ అనగానే తెలుగు పిల్లలు తల ఎత్తారు. జాబితా అయిపోయింది, గజపతి రాలేదు.

అక్కడితో ఆపేస్తే మెసేజ్ అబద్ధం అని తేలినట్టే. కానీ నాకు అది చాలదు. అది ఎక్కడ పుట్టిందో కనుక్కుని రమ్మన్నాను. ఇంట్లో ఎవరికి ఎవరు పంపారో అడిగి, గొలుసు కాగితం మీద గీసుకు రావాలి. చాలా గొలుసులు మధ్యలో తెగిపోయాయి. ఒకమ్మాయిది మాత్రం చివరిదాకా వెళ్ళింది. బరంపురంలో ఉండే వాళ్ళ అత్త, నిజంగానే తన పిల్లలకు సెలవు ఇచ్చారు కాబట్టి ఫోన్ చేసి, “ఇక్కడ సెలవిచ్చీసారు, మీకూ ఉంటాదేమో” అంది. బరంపురం గంజాం జిల్లా, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఈ అమ్మాయి పెదనాన్న దాన్ని ఇంకొకరికి చెప్పేటప్పుడు “పిల్లలకి సెలవంట” అన్నారు. గ్రూపులోకి వచ్చేసరికి ‘ఒడిశా అంతటా సెలవు’ అయింది. ‘కలెక్టర్ ఆదేశం’ ఎక్కడ అతుక్కుందో ఎవరికీ తెలియలేదు. ఆ అమ్మాయి తెచ్చిన కాగితాన్ని జిరాక్స్ తీసి అందరికీ ఇచ్చాను. ఎవరూ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అత్త దగ్గర ఉన్న సందేహం ఒక్కో చేతిలో కొంచెం కొంచెం అరిగిపోయి, చివరికి ఉత్తర్వు అయి కూర్చుంది.

మరుసటి పీరియడు మోడల్ వెర్బులు. భారత వాతావరణ శాఖ దానా మీద ఇచ్చిన ఇంగ్లీషు బులెటిన్‌లోని ఒక వాక్యం తీసుకున్నాను. పూరీకీ సాగర్ ద్వీపానికీ మధ్య, 24 రాత్రి నుంచి 25 ఉదయం లోపల, గంటకు 100–110 కిలోమీటర్ల గాలులతో తీరం దాటే అవకాశం ‘వెరీ లైక్లీ’ అని ఉంది. ఆ శాఖ లైక్లీ, వెరీ లైక్లీ, మోస్ట్ లైక్లీ అని మెట్లు కట్టి వాడుతుంది. ఊరికే అలంకారానికి కాదు. పక్కనే టీవీ స్క్రోలింగ్‌ల నుంచి పిల్లలు గుర్తుపెట్టుకుని రాసుకొచ్చిన వాక్యాలు పెట్టాం. ‘విరుచుకుపడనున్న’, ‘అల్లకల్లోలం’, ‘వణుకుతున్న ఒడిశా’. బులెటిన్ వాక్యంలో చోటు ఉంది, టైము ఉంది, గాలి వేగం ఉంది, ఎంత నమ్మకమో ఉంది. స్క్రోలింగ్‌లో భయం తప్ప ఇంకేం లేదు. వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను అన్నవి టీవీ వాడుకునే విశేషణాలు కావని, గాలి వేగాన్ని బట్టి పెట్టిన మెట్లని అప్పుడే చాలామందికి తెలిసింది. గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 88 దాటితే తీవ్ర తుఫాను. అత్త అన్న ‘ఉంటాదేమో’ను ఇంగ్లీషులో ఏమంటాం అని అడిగితే ‘మే’ అని ఒకరు, ‘మైట్’ అని ఒకరు వాదించుకున్నారు. వ్యాకరణం పీరియడులో పిల్లలు అంత పట్టుదలగా వాదించుకోవడం ఇక్కడ నేను పెద్దగా చూడలేదు.

ఇదంతా చదివాక ఎవరైనా, పిల్లలకు ఫార్వర్డ్‌లను అనుమానించడం నేర్పితే చాలు కదా అనుకోవచ్చు. చాలదు. ఆ దారిలో పెద్ద ప్రమాదం ఉంది, అది మా క్లాసులోనే కనబడింది. చురుకైన కుర్రాడొకడు కొన్ని వారాలకు అన్నిటికీ ఒకే జవాబు రాయడం మొదలుపెట్టాడు. ఫేక్. కత్తిరింపు ఇస్తే ఫేక్, ఫొటో ఇస్తే ఫేక్. వాతావరణ శాఖ బులెటిన్ ఇచ్చినా, “ఇదీ జనాన్ని భయపెట్టడానికే సార్” అన్నాడు. అమెరికా పరిశోధకురాలు డానా బాయిడ్ 2018లో సరిగ్గా ఈ హెచ్చరికే చేసింది. అన్నిటినీ ప్రశ్నించడం మాత్రమే నేర్పితే, పిల్లలు ఏదీ నమ్మని చోటికి చేరతారని.

మా జిల్లాలో ఆ చోటు ప్రాణాల మీదికి తెస్తుంది. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు పది వేల మంది పోయారు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, పోయిన ప్రాణాలు పదుల్లోనే ఉన్నాయి. ఆ తేడాకు షెల్టర్లు, రోడ్లు, యంత్రాంగం కారణం. దానితోపాటు ఊళ్ళో మైకులో చెప్పిన మాట నమ్మి జనం ఇల్లు వదిలి కదలడం కూడా కారణం. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే గజపతి జిల్లా కొండల్లో వానకు బరఘర గ్రామం దగ్గర కొండచరియ విరిగిపడింది. మా పిల్లలు అప్పటికి చిన్న క్లాసుల్లో ఉన్నారు, అయినా ఆ రాత్రి గాలి చప్పుడు అందరికీ గుర్తుంది. ఇలాంటి చోట ‘అంతా ఫేక్’ అనే కుర్రాడు తయారైతే నేను నేర్పిందానికి అర్థం లేదు.

కాబట్టి క్లాసులోకి తెచ్చే మెసేజ్‌ల్లో సగానికి పైగా నిజమైనవే ఉండేలా చూసుకున్నాను. అదీ ఎలాంటివంటే, చూడగానే అబద్ధంలా అనిపించే నిజాలు. తప్పులతో టైపు చేసిన నిజమైన నోటీసు, మరీ విచిత్రంగా ఉన్న నిజమైన వార్త. ‘ఫేక్’ అని రాసినా, ‘నిజం’ అని రాసినా మార్కు సున్నా అని చెప్పాను. ఏం చూసి ఆ మాట అన్నావు, ఇంకా ఏం తెలియాలి, ఎవరిని అడిగితే తెలుస్తుంది అన్న మూడూ ఇంగ్లీషు వాక్యాల్లో రాస్తేనే మార్కు. ఆ కుర్రాడి రాతలు మారడానికి టైము పట్టింది కానీ మారాయి. సంవత్సరం చివర్లో ఒక రైలు టైము మార్పు నోటీసు మీద వాడు రాసిన జవాబు నా దగ్గర ఉంది. నోటీసు నిజమే అయి ఉండొచ్చు, కింద తేదీ ఉంది కానీ సంవత్సరం లేదు, నౌపడా స్టేషన్‌లో అడగాలి అని రాశాడు. ఇంగ్లీషులో రెండు స్పెల్లింగ్ తప్పులున్నాయి. పూర్తి మార్కులు వేశాను.

ఎవరిని అడగాలి అన్న ప్రశ్న మీద ఒక మాట. అమెరికాలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన అధ్యయనంలో 10 మంది ఫ్యాక్ట్‌చెకర్లను, 10 మంది చరిత్రకారులను, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులను తెలియని వెబ్‌సైట్ల ముందు కూర్చోబెట్టారు. విద్యార్థులూ చరిత్రకారులూ ఆ పేజీ లోపలే ఉండి దాన్ని కింది దాకా చదివారు, లోగోలకూ హంగుకూ లోబడ్డారు. ఫ్యాక్ట్‌చెకర్లు వెంటనే ఆ పేజీ వదిలి, ఈ సంస్థ గురించి వేరేవాళ్ళు ఏమంటున్నారో చూశారు. దీన్ని లేటరల్ రీడింగ్ అంటారు. కొత్త ట్యాబ్ తెరవడానికి మా క్లాసులో కంప్యూటర్లు లేవు. అయినా మా పిల్లలకు ఇంకోటి ఉంది. ఒకే విషయం తెలుగు పేపర్లోనూ ఒడియా పేపర్లోనూ ఇంగ్లీషు పేపర్లోనూ చదవగలరు. బరంపురంలో అత్త ఉంటుంది, పాతపట్నంలో మామయ్య ఉంటాడు. హైదరాబాద్‌లో ఒక్క భాషలో వార్త చదివే పిల్లలకు ఈ సౌకర్యం లేదు. మూడు భాషలూ సగం సగం వచ్చు అని మా పిల్లలు సిగ్గుపడతారు. ఈ పనిలో అది వాళ్ళ బలం అని నేను పదే పదే చెప్పాను, ఇంకా చెబుతాను.

దాన్ని గట్టిగా వాడింది కొటియా పాఠంలో. ఇటు కొరాపుట్, అటు ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాల మధ్య ఉన్న కొటియా గ్రామాల తగాదా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2006లో కోర్టు ఆ దావాను కొట్టేసింది, తగాదా మాత్రం తీరలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది. అప్పటి తెలుగు, ఒడియా వార్తలు పక్కపక్కన పెట్టి, రెండు వైపుల పాఠకులూ ఒప్పుకునేలా ఇంగ్లీషులో ఒక చిన్న రిపోర్టు రాయమన్నాను. ఎన్నిక జరిగింది, పిటిషన్ వేశారు అన్న రెండు వాక్యాలు రాయడం తేలిక. ఆ తర్వాత ప్రతి వాక్యానికీ ‘అకార్డింగ్ టు’ తగిలించక తప్పలేదు. ఊళ్ళ పేర్లు కూడా రెండు పేపర్లలో రెండు రకాలుగా ఉంటే, పిల్లలు చర్చించుకుని రెండూ రాశారు. ఆ రోజు క్లాసులో తెలుగు, ఒడియా అని కొంచెం వేడి పుట్టింది. పుట్టనిచ్చాను. రాతలో ఆ వేడి కనబడకూడదు అన్నదొక్కటే షరతు.

సంవత్సరం మొత్తంలో నాకు బాగా బరువనిపించిన పాఠం బాహానగా ఫొటో. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బాహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. బరంపురంలో ఆగే రైలు, మన చుట్టాలు ఎక్కే రైలు. శవాలు ఇంకా గుర్తించకముందే సోషల్ మీడియాలో ఒక ఫొటో తిరిగింది. పైనుంచి తీసిన ప్రమాద స్థలం, పట్టాల పక్కన ఒక తెల్లటి భవనం, దాని మీదికి బాణం గుర్తు. కింద ఇంగ్లీషులో, నిన్న శుక్రవారం, ఊరికే అంటున్నా అన్న అర్థం వచ్చే ఒక చిన్న వాక్యం.

ఆ వాక్యంలో అబద్ధం ఎక్కడుందో చూపించమని అడిగాను. చాలాసేపు వెతికారు. జూన్ 2 నిజంగానే శుక్రవారం. భవనం నిజంగానే అక్కడ ఉంది. ఫొటో నిజమైనదే. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అయినా చదివినవాడి బుర్రలోకి ఒక మతం వాళ్ళు చేసిన పని అన్న మాట ఎక్కింది. రాసినవాడు ఆ మాట రాయలేదు, చదివినవాడి చేతే అనిపించాడు. ఆ తెల్ల భవనం మసీదు కాదు, ఇస్కాన్ గుడి అని ఫ్యాక్ట్‌చెక్‌లు తేల్చాయి. మతం రంగు పులిమే పోస్టులు పెట్టొద్దని ఒడిశా పోలీసులు బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. రైల్వే భద్రతా విచారణలో తేలిన కారణం సిగ్నలింగ్ పనిలో జరిగిన పొరపాట్లు.

ఇంగ్లీషు టీచరుగా నాకు ఇది ఇన్ఫరెన్స్ పాఠం. అన్‌సీన్ ప్యాసేజ్ కింద ‘రచయిత ఏం సూచిస్తున్నాడు’ అని అడిగే ప్రశ్నే ఇది. పరీక్షలో నాలుగు మార్కులకు అడిగేదాన్ని ఇక్కడ బతుకులోంచి అడిగాను. బాణం ఎవరు పెట్టారు, బాణం లేకపోతే నీ చూపు ఎక్కడ పడేది, ‘శుక్రవారం’ తీసేసి ‘వేసవి సెలవులు’ అని పెడితే నీకేం అనిపించేది? ఒక సవర అమ్మాయి, క్లాసులో చాలా తక్కువ మాట్లాడే పిల్ల, లేచి ఒడియాలో అంది, తమ ఊరి గురించి కూడా జనం ఇలాగే పేరు చెప్పకుండా మాట్లాడతారని. నేను దానికి ఏమీ కలపలేదు. ఆ అమ్మాయి నోటు పుస్తకంలో తర్వాత రాసిన పేరా మాత్రం ఆ సంవత్సరం నేను దిద్దిన రాతలన్నిటిలోకీ మంచిది.

ప్రకటనల పాఠం త్వరగా ముగిసింది. కోచింగ్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు, పైన పెద్ద అక్షరాలు, కింద చీమల్లాంటి అక్షరాలు. పిల్లలకు అక్కడ ఏం జరుగుతోందో వెంటనే అర్థమైంది. వార్తలా కనిపించే ప్రకటనను గుర్తుపట్టడమే కష్టం. పేజీ మూలన ఉన్న ‘ప్రకటన’ అన్న చిన్న మాట వెతికించడం అలవాటు చేశాను. 2016లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళ సర్వేలో అమెరికా మిడిల్ స్కూల్ పిల్లల్లో 80 శాతానికి పైగా స్పాన్సర్డ్ కంటెంట్‌ను నిజమైన వార్త అనుకున్నారని చెబితే మావాళ్ళకు కొంచెం ధైర్యం వచ్చింది.

అసలు కష్టం ఇంటి దగ్గర. పెదనాన్న పంపిన మెసేజ్ తప్పు అని తెలిసింది. ఇప్పుడేం చేయాలి? అందరున్న ఫ్యామిలీ గ్రూపులో పద్నాలుగేళ్ళ పిల్ల ‘ఇది తప్పు’ అని రాస్తే, తప్పు ఎవరిది అన్నది పక్కకుపోయి ఆ పిల్ల పెంపకం మీదికి వస్తుంది. ఒక ఇంట్లో అలాగే జరిగింది, వాళ్ళ నాన్నగారు బడికి వచ్చి కాస్త బాధగానే మాట్లాడారు. బడిలో చెప్పే మీడియా పాఠాలు చాలావరకు ఇక్కడ ఆగిపోతాయి. నిజం కనుక్కోవడం నేర్పుతాయి, దాన్ని పెద్దవాళ్ళకు చెప్పడం నేర్పవు. నాకైతే రెండోది మొదటిదానికంటే ముఖ్యం అనిపించింది.

అందుకని ఉత్తరాల పాఠాన్ని దానికి వాడుకున్నాను. ముందు ఇంగ్లీషులో మర్యాదగా సందేహం చెప్పే తీరు. ‘యూ ఆర్ రాంగ్’ బదులు ‘ఐ వండర్ ఇఫ్’, ‘కుడ్ వీ చెక్’. తర్వాత అదే మాట తెలుగులో, వాళ్ళ ఇంటి మాటలో, వాళ్ళ పెదనాన్నకు. పిల్లలు రాసినవాటిలో ఒకటి ఇలా ఉంది. “పెదనాన్నా, మీరు పంపింది చూసాను. ఒడియా పేపర్లో మన జిల్లా పేరు కనబడలేదు. మీకెవరు చెప్పారో చెబితే నేను సార్‌ని కూడా అడుగుతాను.” దీన్ని గ్రూపులో కాదు, ఆయనకు విడిగా పంపాలని ఆ పిల్లే అంది. మూడు చిన్న వాక్యాల్లో మర్యాద ఉంది, ఆధారం ఉంది, అడగాల్సిన ప్రశ్న ఉంది. పెదనాన్నను తప్పు పట్టలేదు, ఆయన వెనకున్న మనిషిని అడుగుతోంది. ఆయన జవాబు ఇచ్చారు, బరంపురం నుంచి చెల్లెలు చెప్పిందని. గొలుసు చివరిదాకా వెళ్ళిన ఆ కాగితం ఈ ఇంటిదే.

ఫలితం గురించి చెప్పాలంటే, ఏడాది మొదట్లో ఒక మెసేజ్ ఇచ్చి అభిప్రాయం రాయమంటే ఎక్కువమంది ఆ మెసేజ్‌లోని విషయం మీద రాశారు. మంచిదని, భయంగా ఉందని, ప్రభుత్వం ఏదో చేయాలని. చివర్లో అలాంటిదే ఇస్తే చాలామంది మొదటి వాక్యంలోనే ఎవరు చెప్పారో లేదని రాశారు. ఇన్‌డైరెక్ట్ స్పీచ్ మీద తప్పులు తగ్గాయి, ఎందుకంటే దాంతో నిజంగా పనిపడింది. హెడ్మాస్టారికి పోర్షన్ టెన్షన్ ఉంది, అది న్యాయమే. ఈ పాఠాలు ఏ వ్యాకరణ అంశం కింద జరిగాయో లెసన్ ప్లాన్‌లో రాసి చూపించాక ఆ టెన్షన్ తగ్గింది. ఇది చేయాలనుకునే టీచర్లు ఆ కాగితం పని ముందే చేసుకోండి.

అమెరికాలోని ఇంగ్లీషు టీచర్ల జాతీయ సంఘం ఎన్‌సీటీఈ 2022లో ఒక ప్రకటన చేసింది. పుస్తక పఠనాన్నీ వ్యాస రచననూ ఇంగ్లీషు చదువుకు శిఖరాలుగా చూడటం ఇక తగ్గించాలని. వాళ్ళ పరిస్థితిలో అది సరైనదే కావచ్చు. నేను మాత్రం మా క్లాసులో దానికి ఎదురు నడిచాను. మా పిల్లలకు వీడియోలు చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక వాక్యం దగ్గర ఆగి దాన్ని నాలుగుసార్లు చదవడం నేర్పాలి. బాహానగా ఫొటోను విప్పింది అదే, కలెక్టర్ మెసేజ్‌ను విప్పింది అదే.

ఇంకా చేతికి అందనిది వాయిస్ మెసేజ్. వాక్యాన్ని బల్ల మీద రాసి గీత గీయొచ్చు, గొంతును ఎలా గీస్తాం? తెలిసిన యాసలో, ఏడుపు గొంతుతో వంశధార గట్టు తెగిందని ఒక ఆడియో వస్తే మా ఇళ్ళల్లో ఎవరూ ‘ఎవరన్నారు’ అని అడగరు, మనిషే మాట్లాడుతున్నాడు కదా అనుకుంటారు. ఇప్పుడు కంప్యూటరే ఆ గొంతును పుట్టించగలదు. ఈ ఏడాది కొత్త తొమ్మిదో తరగతితో డిక్టేషన్ పీరియడును దానికే పెట్టాను. ఆడియోను ముందు అక్షరాల్లోకి దింపాలి, ప్రతి మాటా. దింపిన తర్వాత ఆ మనిషి తన పేరు చెప్పాడా, ఊరి పేరు చెప్పాడా, ఏ రోజు అన్నాడా అని వెతకాలి. మొదటి ఆడియోను పిల్లలు దింపడం అయింది. అందులో గట్టు పేరు ఉంది, ఊరి పేరు లేదు, తేదీ లేదు. వంశధార ఒడ్డున ఉన్న హిరమండలంలో ఎవరికైనా చుట్టాలున్నారా అని అడిగితే మూడు చేతులు లేచాయి. సోమవారానికి వాళ్ళు ఫోన్ చేసి కనుక్కుని రావాలి.